సీడీ డ్రైవ్ పనిచేయని పాత కంప్యూటర్‌లో తేలికపాటి లినక్స్: విశాఖ సభ్యుల చర్చ

అక్కయ్యపాలెం డీటీపీ:

సభ్యులందరికీ నమస్కారం. మా దుకాణంలో ఒకప్పుడు శుభలేఖలు, కరపత్రాలు కూర్చిన డెస్క్‌టాప్ ఒకటి చాలాకాలంగా మూలన పడి ఉంది. పెంటియమ్ 4 ప్రాసెసర్, 2.8 గిగాహెర్ట్జ్ వేగం, 1 జీబీ ర్యామ్, 80 జీబీ ఐడీఈ హార్డ్‌డిస్క్, అందులో విండోస్ ఎక్స్‌పీ. మా అన్నయ్యగారి పిల్లలు తెలుగు టైపింగ్, కొద్దిపాటి ప్రోగ్రామింగ్ నేర్చుకోవడానికి దీన్ని సిద్ధం చేద్దామనుకుంటున్నాను. సీడీ డ్రైవ్ ట్రే బయటికి రావడం లేదు, దాన్ని బాగుచేయించడం దండగ అని మెకానిక్ చెప్పారు.

ఇంట్లోని ల్యాప్‌టాప్‌లో రూఫస్ అనే పెన్‌డ్రైవ్ తయారీ ప్రోగ్రామ్ సాయంతో, విండోస్‌కు బదులు వాడే ఉచిత లినక్స్ వ్యవస్థల్లో ఒకటైన లినక్స్ మింట్ తాజా కూర్పును పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి ఈ పెట్టెకు తగిలించాను. మొదటి మెనూ కనిపించింది. దాన్ని ఎంచుకోగానే, ఈ కెర్నల్‌కు (వ్యవస్థ మూల ప్రోగ్రామ్‌కు) ఎక్స్86-64 ప్రాసెసర్ కావాలనీ, ఇక్కడ ఉన్నది ఐ686 మాత్రమేననీ అర్థం వచ్చే ఆంగ్ల వాక్యం నల్లటి తెర మీద వచ్చి అక్కడితో ఆగిపోయింది. ఇంత పాత పెట్టెలకు పెన్‌డ్రైవ్ పద్ధతి పనికిరాదని, సీడీ నుంచే ఎక్కించాలని తెలిసినవారు ఒకరన్నారు. బయట తగిలించే యూఎస్‌బీ సీడీ డ్రైవ్ కొనమంటారా? పాత అను ఫాంట్లతో చేసిన పేజ్‌మేకర్ ఫైళ్లు ఆ హార్డ్‌డిస్క్‌లో చాలా ఉన్నాయి, అవి పోకూడదు.

పాతపెట్టె, కంచరపాలెం:

డ్రైవ్ కొనకండి. మీకు కనిపించిన వాక్యమే శుభవార్త. పెన్‌డ్రైవ్ నుంచి మెనూ వచ్చి, కెర్నల్ మొదలై, ప్రాసెసర్‌ను పరీక్షించి ఆ మాట చెప్పిందంటే మీ బయాస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే మదర్‌బోర్డు ప్రోగ్రామ్) యూఎస్‌బీ నుంచి చక్కగా బూట్ చేస్తోందన్నమాట. అదే ఫైలును సీడీ మీద రాసి పెట్టినా అదే వాక్యం వస్తుంది. అడ్డు వచ్చింది సీడీ లేకపోవడం కాదు, మీరు ఎక్కించినది 64 బిట్ కూర్పు, మీ ప్రాసెసర్ 32 బిట్‌ది. పెంటియమ్ 4 పేరుతో వచ్చిన వాటిలో చివరి దశవి కొన్ని 64 బిట్‌వి ఉన్నాయి గాని, 478 పిన్నుల సాకెట్‌లో ఇళ్లకు అమ్మినవాటిని 32 బిట్ అనుకుని మొదలుపెట్టడమే క్షేమం. మీ విషయంలో ఆ సందేహం కూడా లేదు, కెర్నలే తేల్చి చెప్పింది.

ఇప్పుడు అసలు ఇబ్బంది ఏమిటంటే 32 బిట్ ప్రాసెసర్లను లినక్స్ రకాలు తయారుచేసేవారు ఒక్కొక్కరే వదిలేస్తున్నారు. ఉబుంటు డెస్క్‌టాప్ 2017లో 17.10 కూర్పుతోనే 32 బిట్ ఇన్‌స్టాలర్‌ను ఆపేసింది. లుబుంటు దీర్ఘకాల మద్దతు కూర్పుల్లో 18.04, లినక్స్ మింట్ ప్రధాన శాఖలో 19.3 చివరివి, ఆ రెండింటికీ మద్దతు ముగిసింది కనుక ఇంటర్నెట్‌కు తగిలించే యంత్రంలో వాటిని పెట్టడం నాకు సమ్మతం కాదు. డెబియన్ అనే మరో లినక్స్ 2023 జూన్‌లో విడుదల చేసిన 12వ కూర్పు వరకు 32 బిట్ ఇన్‌స్టాలర్ ఇచ్చింది, 2025 ఆగస్టులో వచ్చిన 13లో తీసేసింది. డెబియన్ 12కు 2028 జూన్ దాకా దీర్ఘకాల మద్దతు ఉంటుందని ప్రకటించారు.

ఆ డెబియన్ 12 పునాది మీద తయారైన యాంటిఎక్స్ 23 మీ పెట్టెకు తగినదని నా అభిప్రాయం. అందులో సిస్టమ్‌డీ (సేవలను మొదలుపెట్టి నడిపే ప్రోగ్రామ్) ఉండదు, డెస్క్‌టాప్ స్థానంలో ఐస్‌డబ్ల్యూఎమ్ అనే చిన్న విండో మేనేజర్ ఉంటుంది, 256 ఎంబీ ర్యామ్ ఉన్న పెంటియమ్ 3 పెట్టెలను కూడా దృష్టిలో పెట్టుకుని దాన్ని చేస్తారు. నాలుగు రకాల ఐఎస్ఓలు (ఇన్‌స్టాల్ డిస్క్ నకలు ఫైళ్లు) ఉంటాయి, ఆఫీసు ప్రోగ్రాములతో సహా వచ్చే ఫుల్ అనే దానిలో 32 బిట్‌ది తీసుకోండి. దింపుకున్నాక దాని ఎస్‌హెచ్‌ఏ256 సంఖ్యను (ఫైలు పాడైందో లేదో తేల్చే గుర్తు) వారి వెబ్‌సైటులో ఇచ్చిన దానితో సరిచూడండి, ఎందుకంటే సగంలో పాడైన ఐఎస్ఓ ఇన్‌స్టాల్ మధ్యలో చిత్రమైన లోపాలు చూపించి మనిషిని హార్డ్‌డిస్క్ మీద అనుమానపడేలా చేస్తుంది. రూఫస్‌లో పార్టిషన్ రకం ఎంబీఆర్ (పాత తరహా డిస్క్ పట్టిక), లక్ష్యం బయాస్ అని ఉండాలి. డీడీ పద్ధతిలో (ఐఎస్ఓను ఉన్నదున్నట్టు) రాయాలా అని అడిగితే అవుననండి.

పెన్‌డ్రైవ్‌ను పెట్టె ముందువైపు కాక వెనుక, మదర్‌బోర్డు మీదే ఉన్న పోర్టుకు తగిలించండి. ఎక్కించగానే ఇన్‌స్టాల్ నొక్కవద్దు. ముందు లైవ్‌గా, అంటే డిస్క్‌లో ఏమీ వేయకుండా పెన్‌డ్రైవ్ నుంచే నడిపి శబ్దం, నెట్‌వర్క్, తెర రిజల్యూషన్ సరిగా ఉన్నాయో లేదో చూడండి. లైవ్‌లో వాడుకరి పేరు డెమో, పాస్‌వర్డ్ కూడా డెమోయే.

అచ్చుతప్పు, డాబాగార్డెన్స్:

డీటీపీ గారూ, లినక్స్ సంగతి కొంచెం ఆగనివ్వండి. మీ ఫైళ్ల సంగతి దానికంటే ముఖ్యం.

అను ఫాంట్లు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లకూ ఉమ్మడి అక్షర సంకేతాలు) కావు. వాటిలో తెలుగు గుణింతపు ముక్కలను ఆంగ్ల అక్షరాలకు, గుర్తులకు కేటాయించిన స్థానాల్లో కూర్చోబెట్టారు. ఫాంటు ఉన్నంతసేపే అది తెలుగు, ఫాంటు లేని చోట అదే ఫైలు అర్థంలేని ఆంగ్ల అక్షరాల గుంపు. పేజ్‌మేకర్ లినక్స్‌కు లేదు. లిబ్రెఆఫీస్ పేజ్‌మేకర్ ఫైళ్లను కొంతవరకు తెరుస్తుంది గాని, పేజీ అమరిక మనం పెట్టినట్టే వస్తుందని ఆశ పెట్టుకోకూడదు. కాబట్టి ఎక్స్‌పీ ఇంకా బతికి ఉండగానే మళ్లీ అవసరపడే ప్రతి ఫైలునూ తెరిచి పీడీఎఫ్‌గా భద్రపరచుకోండి. అచ్చుకు అదే చాలు. పాఠాన్ని తిరిగి దిద్దుకోవాల్సినవి ఉంటే, ఆ పాఠం మాత్రం కాపీ చేసి అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్ గుండా పంపండి. సున్నాలు, వత్తులు, ర-వత్తు ఉన్న చోట్లు తప్పకుండా చదివి సరిచూసుకోవాలి, మార్పిడిలో ఎక్కువగా చెడేది అక్కడే.

ఫాంటు ఫైళ్లను కూడా విడిగా దాచుకోండి. ఎఫ్‌ఏటీ32 పెన్‌డ్రైవ్‌లోకి 4 జీబీ దాటిన ఒంటి ఫైలు పోదని గుర్తుంచుకుని, అన్నిటినీ ఒకే జిప్‌గా కట్టకుండా సంచయాలుగానే కాపీ చేయండి. ఒక పెన్‌డ్రైవ్ మీద మాత్రమే ఉన్న ప్రతిని నేను ప్రతిగా లెక్కవేయను, రెండు చోట్ల ఉండాలి.

సింధియా మెకానిక్:

మూలన పడి ఉన్న పెట్టె అన్నారు కనుక నాలుగు మాటలు. మన ఊళ్లో, అందులోనూ సముద్రానికి దగ్గరగా ఉన్న ఇళ్లలో, వాడకుండా వదిలేసిన బోర్డుల మీద తేమ, ఉప్పు కలిసి ర్యామ్ కాళ్ల మీద సన్నని పొర కడుతుంది. కరెంటు తీసేసి, ర్యామ్ ఊడదీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొడి బ్రష్‌తో దులిపి తిరిగి పెట్టండి. లినక్స్ మెనూలో ర్యామ్ పరీక్ష ఉంటే దాన్ని ఒక రాత్రంతా నడపండి.

ప్రాసెసర్ చుట్టూ నిలబడిన కెపాసిటర్ల తలలు చదునుగా ఉండాలి. ఉబ్బినా, గోధుమ రంగు జిగురు కారినా ముందు వాటిని మార్పించాలి. ఆ కాలపు బోర్డుల్లో అది ప్రపంచమంతటా ఉన్న జబ్బే. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు తడిసి, తరువాత ఎండబెట్టి వాడిన పెట్టె అయితే ఎస్‌ఎంపీఎస్‌ను (పెట్టె లోపలి విద్యుత్ సరఫరా భాగాన్ని) కూడా నమ్మకండి.

హార్డ్‌డిస్క్‌ను లైవ్ లినక్స్ నుంచే స్మార్ట్ (డిస్క్ తన ఆరోగ్యం గురించి తానే ఉంచుకునే లెక్కలు) పరీక్ష చేయవచ్చు. అందులో రీఅలొకేటెడ్ (పాడై మార్చిన), పెండింగ్ (అనుమానంలో ఉన్న) సెక్టార్ల సంఖ్య సున్నా కాకపోతే, ముఖ్యంగా రెండోది పెరుగుతూ ఉంటే, ఆ డిస్క్ మీద ఇన్‌స్టాల్ చేయడం వృథా ప్రయాస.

ఉక్కునగరం:

నా మాట కొందరికి రుచించకపోవచ్చు. పెంటియమ్ 4 పెట్టె, సీఆర్‌టీ మానిటరుతో కలిపితే వంద వాట్లకు తక్కువ తినదు. వంద వాట్లు పది గంటలు నడిస్తే ఒక యూనిట్ అయినట్టే. కార్యాలయాలు మార్చేసిన కోర్ 2 డ్యూయో, ఐ3 పెట్టెలు ద్వారకానగర్ సెకండ్‌హ్యాండ్ దుకాణాల్లో దొరుకుతాయి, అవన్నీ 64 బిట్‌వే. వాటిలో డెబియన్ 13 సైతం నడుస్తుంది, 32 బిట్ ఎప్పుడు ఆపేస్తారోనన్న బెంగ ఉండదు. పైగా ఈ కాలపు పిల్లలు అడిగేది వీడియో పాఠాలు. ఆ పెట్టె వాటిని చూపించలేక వారికి లినక్స్ అంటేనే విసుగు పుట్టిస్తుంది. ఈ శ్రమ వేరే చోట పెట్టడం మంచిదని నా ఉద్దేశం.

పాతపెట్టె, కంచరపాలెం:

కరెంటు లెక్కలో మీతో నాకు పేచీ లేదు, రోజంతా నడిపే యంత్రానికి అది సరైన వాదనే. అయితే డీటీపీ గారు అడిగినది సాయంత్రం ఓ గంట, రెండు గంటలు టైపింగ్, పైథాన్ నేర్చుకునే పెట్టె. ఆ పనికి 1 జీబీ ర్యామ్ హాయిగా సరిపోతుంది.

వెబ్ విషయంలో మాత్రం ఉక్కునగరం గారి హెచ్చరిక పట్టించుకోదగినదే. క్రోమ్ 2016లోనే 32 బిట్ లినక్స్‌ను వదిలేసింది. ఫైర్‌ఫాక్స్ కూడా 144వ కూర్పుతో ఆపేసింది, 140 ఈఎస్‌ఆర్ అనే దీర్ఘకాల కూర్పుకు మాత్రం కనీసం 2026 సెప్టెంబరు వరకు భద్రతా మార్పులు ఇస్తామంది. నాలుగు ట్యాబులు తెరిస్తే 1 జీబీ నిండిపోతుంది. ఆ బోర్డుకు డీడీఆర్ ర్యామ్ ఇంకో ముక్క దొరికితే వేయండి, దొరకకపోతే జడ్‌ర్యామ్ అనే సౌకర్యాన్ని పెట్టుకోండి. అది ర్యామ్‌లోనే కొంత భాగాన్ని కుదించిన స్వాప్‌గా (ర్యామ్ నిండినప్పుడు పనికొచ్చే అదనపు చోటుగా) వాడుతుంది, పాత ఐడీఈ డిస్క్ మీది స్వాప్ కంటే ఎంతో వేగంగా ఉంటుంది. వీడియోలను బ్రౌజర్‌లో కాకుండా ఎంపీవీ వంటి ప్లేయర్‌లో 360పీ నాణ్యతతో చూస్తే ప్రాసెసర్ తట్టుకుంటుంది. బ్యాంకు లావాదేవీలు దాని మీద పెట్టుకోవద్దు.

అక్కయ్యపాలెం డీటీపీ:

అందరికీ కృతజ్ఞతలు. అచ్చుతప్పు గారు చెప్పినట్టు పీడీఎఫ్‌లు చేసుకుని, ఫైళ్లను రెండు చోట్ల దాచాను. యాంటిఎక్స్ 32 బిట్ కూర్పు పెన్‌డ్రైవ్ నుంచి మొదటిసారికే లైవ్‌గా తెరుచుకుంది, శబ్దం, తెర బాగున్నాయి. స్మార్ట్ పరీక్షలో ఆ రెండు సంఖ్యలూ సున్నాయే.

కాని ఇంటర్నెట్ తీగ తగిలించాక ఏ వెబ్‌సైటు తెరిచినా, ఈ అనుసంధానం సురక్షితం కాదని బ్రౌజర్ అడ్డుపడుతోంది. ప్యాకేజీల జాబితా దింపబోతే విడుదల ఫైలు ఇంకా చెల్లుబాటు కాలేదని ఏదో చెబుతోంది. పాత పెట్టె కనుక నేటి వెబ్‌సైట్లు దాన్ని ఒప్పుకోవడం లేదా?

సింధియా మెకానిక్:

కుడివైపు కింద గడియారం ఏ సంవత్సరం చూపిస్తోందో చూడండి. మదర్‌బోర్డు మీద ఉన్న సీఆర్2032 బటన్ సెల్ అయిపోయి ఉంటుంది. ప్లగ్ తీసిన ప్రతిసారీ తేదీ బోర్డు పుట్టిననాటికి వెనక్కి పోతుంది. వెబ్‌సైట్ల భద్రతా పత్రాలకు ఫలానా తేదీ నుంచి ఫలానా తేదీ వరకు అని గడువు ఉంటుంది కదా, మీ కంప్యూటర్ దృష్టిలో అవి ఇంకా పుట్టనే లేదు. ప్యాకేజీల జాబితా చెప్పినదీ అదే. 3 వోల్టుల సెల్ ఏ గడియారాల దుకాణంలోనైనా ఇస్తారు. సెల్ మార్చాక బయాస్‌లోకి వెళ్లి తేదీతో పాటు బూట్ వరుస కూడా మళ్లీ పెట్టుకోవాలి, సెల్ పోయినప్పుడు అవి కూడా మొదటికి వచ్చి ఉంటాయి.

పెదవాల్తేరు పెన్షనరు:

ఈ చర్చ చదువుతున్నాను. నా దగ్గర ఉన్నది ఇంకా పాతది. పెంటియమ్ 3, 256 ఎంబీ ర్యామ్, విండోస్ ఎక్స్‌పీ. సీడీ డ్రైవ్ లేదు, బయాస్ బూట్ జాబితాలో ఫ్లాపీ, హార్డ్‌డిస్క్, సీడీ అన్నవి తప్ప యూఎస్‌బీ అన్న మాటే లేదు. యూఎస్‌బీ పోర్టులు మాత్రం రెండున్నాయి, ఎక్స్‌పీలో పెన్‌డ్రైవ్ తెరుచుకుంటుంది. దీనికి దారి ఉందా?

పాతపెట్టె, కంచరపాలెం:

ఉంది. తేల్చుకునే ముందు ఒక్కటి చూడండి. కొన్ని బయాస్‌లలో పెన్‌డ్రైవ్ బూట్ వరుసలో కాక హార్డ్‌డిస్కుల వరుస అనే లోపలి జాబితాలో, అదీ పెన్‌డ్రైవ్ తగిలించి యంత్రాన్ని ఆన్ చేసినప్పుడే కనిపిస్తుంది. మరికొన్నిటిలో యూఎస్‌బీ-జిప్, యూఎస్‌బీ-హెచ్‌డీడీ అని ఉంటుంది, మీరు కోరవలసినది రెండోది. ఇవేవీ లేవని నిర్ధారించుకున్నాకే కింది దారులు.

మొదటిది ప్లాప్ బూట్ మేనేజర్. అది చాలా చిన్న ప్రోగ్రామ్, ఫ్లాపీలో కూడా పడుతుంది. దానిలో సొంత యూఎస్‌బీ డ్రైవర్ ఉంటుంది కనుక బయాస్‌కు చేతకానిది అది చేసి పెడుతుంది. ఫ్లాపీ డ్రైవ్ బాగుంటే దాని నుంచి, లేదంటే ఎక్స్‌పీ బూట్ మెనూలో ఒక వరుసగా చేర్చి, దాన్ని ఎంచుకుంటే తెర మీద యూఎస్‌బీ అని కనిపిస్తుంది. మీ బోర్డులో ఉన్నవి యూఎస్‌బీ 1.1 పోర్టులే అయితే సెకనుకు 12 మెగాబిట్లకు మించదు. అది పనిచేయడం లేదనుకుని మధ్యలో ఆపేయకుండా పెట్టెను దాని మానాన వదిలేయాలి.

రెండోది పెన్‌డ్రైవ్ ప్రమేయమే లేని దారి. డెబియన్ 12 వారు హెచ్‌డీ-మీడియా పేరుతో ఒక కెర్నల్, ఒక ఇనిట్ఆర్‌డీ (కెర్నల్‌కు మొదట్లో కావలసిన డ్రైవర్ల మూట) ఫైలు ఇస్తారు. ఆ రెంటినీ, ఇన్‌స్టాలర్ ఐఎస్ఓనూ ఎక్స్‌పీలో ఉండగానే ఎఫ్‌ఏటీ32 విభాగంలో పెట్టి, గ్రబ్4డాస్ అనే బూట్‌లోడర్‌ను (వ్యవస్థను లేపే ప్రోగ్రామ్‌ను) ఎక్స్‌పీ బూట్ మెనూ ఉండే బూట్ డాట్ ఐఎన్‌ఐ ఫైలులో ఒక వరుసగా చేర్చితే, తరువాతిసారి ఆన్ చేసినప్పుడు హార్డ్‌డిస్క్ నుంచే ఇన్‌స్టాలర్ లేస్తుంది. ఇందులో మెలిక ఒకటుంది. ఐఎస్ఓ ఏ విభాగంలో ఉందో ఆ విభాగాన్ని ఇన్‌స్టాలర్ వాడుతూ ఉంటుంది, కనుక దాన్ని చెరిపి కొత్త వ్యవస్థ వేయలేరు. డ్రైవ్ డీ వంటి రెండో విభాగంలో ఐఎస్ఓ ఉంచి, సీ స్థానంలో లినక్స్ వేయాలి.

256 ఎంబీలో యాంటిఎక్స్ బేస్ నడుస్తుంది, స్వాప్ విభాగం ముందే చేసిపెట్టండి. అయితే పెంటియమ్ 3లో ఎస్‌ఎస్‌ఈ2 ఆదేశాలు లేవు కనుక నేటి ఫైర్‌ఫాక్స్ అసలు తెరుచుకోదు. డిల్లో, నెట్‌సర్ఫ్ వంటి చిన్న బ్రౌజర్లతో తృప్తిపడాలి.

మర్రిపాలెం రైల్వే క్వార్టర్స్:

ఇన్ని మెలికల కంటే డిస్క్ ఊడదీయడం తేలిక. నేను ఎప్పుడూ అదే చేస్తాను. యూఎస్‌బీ నుంచి ఐడీఈకి మార్చే అడాప్టర్ ఒకటి తీసుకుని, డెస్క్‌టాప్ డిస్క్ అయితే దానికి 12 వోల్టుల విడి సరఫరా కూడా ఇచ్చి, పాత డిస్క్‌ను మంచి కంప్యూటర్‌కు తగిలించి, ఇన్‌స్టాలర్‌ను అక్కడే నడిపి, పూర్తయ్యాక డిస్క్‌ను సొంత గూటికి చేర్చాలి. ఇన్‌స్టాలర్ మాత్రం 32 బిట్‌దే కావాలి. డెబియన్ కుటుంబం డిస్కులను యూయూఐడీ అనే ప్రత్యేక గుర్తింపు సంఖ్యతో గుర్తుపడుతుంది కనుక అక్కడ ఎస్‌డీబీ అనే పేరుతో ఉన్నది ఇక్కడ ఎస్‌డీఏ అయినా ఇబ్బంది రాదు, ఇనిట్ఆర్‌డీలో అన్ని రకాల కంట్రోలర్ల డ్రైవర్లూ వేయడం దాని మామూలు అలవాటు.

రెండు చోట్ల మాత్రం కళ్లు తెరుచుకుని ఉండాలి. మంచి కంప్యూటర్‌ను యూఈఎఫ్‌ఐ (బయాస్ స్థానంలో వచ్చిన కొత్త) పద్ధతిలో బూట్ చేస్తే ఇన్‌స్టాలర్ ఆ పద్ధతి గ్రబ్ బూట్‌లోడర్‌నే వేస్తుంది, పాత బయాస్‌కు దాన్ని లేపడం తెలియదు. కనుక లెగసీ (పాత బయాస్) పద్ధతిలో బూట్ చేసి, ఎంబీఆర్ పట్టిక వేయాలి. లెగసీ లేని కొత్త ల్యాప్‌టాప్ ఈ పనికి పనికిరాదు. రెండోది, ఏ డిస్క్‌ను చెరపాలి, గ్రబ్‌ను ఎక్కడ వేయాలి అన్న ప్రశ్నలు వచ్చినప్పుడు పేరు కాకుండా పరిమాణం చూసి జవాబివ్వాలి. వీలైతే మంచి కంప్యూటర్ సొంత డిస్క్ తీగను ఆ కాసేపు పీకేసి ఉంచండి, భయమే ఉండదు.

డిస్క్ పెద్దదైతే, కొన్ని పాత బయాస్‌లు మొదటి 137 జీబీని దాటి చదవలేవు. బూట్ విభాగాన్ని డిస్క్ మొదట్లోనే చిన్నదిగా కట్టండి.

పెదవాల్తేరు పెన్షనరు:

ఇద్దరికీ ధన్యవాదాలు. స్క్రూలు విప్పడం నాకు కంప్యూటర్ కంటే బాగా వచ్చు కనుక డిస్క్ ఊడదీసే పద్ధతినే అనుసరిస్తాను. డిస్క్ వెనుక మాస్టర్, స్లేవ్ నిర్ణయించే జంపర్ ఎలా ఉండాలి?

మర్రిపాలెం రైల్వే క్వార్టర్స్:

అడాప్టర్‌కు తగిలించేటప్పుడు మాస్టర్ స్థానంలో. తిరిగి బిగించేటప్పుడు మునుపు ఎలా ఉందో అలాగే. విప్పే ముందు సెల్‌ఫోన్‌తో ఫొటో తీసుకోండి.

భీమిలి మాస్టారు:

మా బడి కంప్యూటర్ గదిలో ఒకే రకం డెస్క్‌టాపులు పన్నెండు ఉన్నాయి. సీడీ డ్రైవులు ఏవీ పనిచేయవు, యూఎస్‌బీ పోర్టులు పిల్లల చేతుల్లో వదులైపోయాయి. ఒక్కొక్కటే విప్పడం నా వల్ల కాదు. నెట్‌వర్క్ తీగ ద్వారా ఎక్కించవచ్చని విన్నాను, అది ఇళ్లలో చేయగలిగే పనేనా?

పాతపెట్టె, కంచరపాలెం:

మాస్టారూ, మీ గదికి అదే సరైన దారి. నన్నడిగితే ఒకటి, రెండు పెట్టెలకు అంత హంగు అక్కరలేదు, నాలుగు దాటితే మాత్రం దానికి సాటి లేదు. దాన్ని పీఎక్స్‌ఈ అంటారు. పెట్టె ఆన్ కాగానే నెట్‌వర్క్ కార్డులోని చిన్న ప్రోగ్రామ్, నాకో చిరునామా కావాలి, బూట్ ఫైలు ఎక్కడుంది అని తీగ మీద కేకవేస్తుంది. మీ ల్యాప్‌టాప్‌లోని డీఎన్ఎస్‌మాస్క్ అనే ప్రోగ్రామ్ డీహెచ్‌సీపీ ద్వారా చిరునామా, టీఎఫ్‌టీపీ ద్వారా ఫైలు అందిస్తుంది. డెబియన్ 12 నెట్‌బూట్ మూటను విప్పి, 32 బిట్‌ది, టీఎఫ్‌టీపీ సంచయంలో పెడితే అందులోనే మెనూ, కెర్నల్, ఇన్‌స్టాలర్ అన్నీ ఉంటాయి.

బడి రౌటరు కూడా డీహెచ్‌సీపీ ఇస్తూ ఉంటుంది కనుక ఇద్దరూ ఒకేసారి జవాబిస్తే గందరగోళం. ల్యాప్‌టాప్, పన్నెండు పెట్టెలు మాత్రమే ఉన్న విడి స్విచ్ మీద చేసి, ల్యాప్‌టాప్ వైఫై ద్వారా ఇంటర్నెట్‌ను పంచండి. లేదా డీఎన్ఎస్‌మాస్క్‌లో ప్రాక్సీ పద్ధతి ఉంది, చిరునామాలు రౌటరే ఇస్తుంది, బూట్ ఫైలు సంగతి మాత్రం మనది చెబుతుంది. బయాస్‌లో ల్యాన్ బూట్ రామ్ అనే అంశం చాలా బోర్డుల్లో ఆపేసి ఉంటుంది, దాన్ని ముందు ఆన్ చేయాలి.

పన్నెండు పెట్టెలూ అవే ప్యాకేజీలను ఒక్కొక్కటిగా ఇంటర్నెట్ నుంచి దింపుకుంటే మీ డేటా కరిగిపోతుంది. ల్యాప్‌టాప్‌లో ఆప్ట్-క్యాషర్-ఎన్‌జీ పెట్టి, ఇన్‌స్టాలర్ ప్రాక్సీ అడిగినప్పుడు దాని చిరునామా ఇవ్వండి. మొదటి పెట్టె దింపినదే మిగతా పదకొండుకూ అందుతుంది. భాష, సమయ మండలం, విభాగాలు, పాస్‌వర్డ్ వంటి జవాబులన్నీ ప్రిసీడ్ అనే ఒక పాఠ్య ఫైలులో రాసి ఉంచితే ఇన్‌స్టాలర్ వాటిని తానే చదువుకుంటుంది. డిస్క్‌ను చెరిపే జవాబు కూడా అందులోనే ఉంటుంది కాబట్టి ఆ ఫైలు ఉన్నంతకాలం ఆ స్విచ్‌కు ఇంకెవరి కంప్యూటరూ తగిలించకండి. ప్రిసీడ్ ఫైలును ముందు ఒక పెట్టె మీద పరీక్షించి, సంతృప్తి కలిగాకే మిగతావి.

మద్దిలపాలెం హాస్టల్:

నాదొక చిన్న ప్రశ్నండి. ఆటమ్ ఎన్270 ఉన్న పది అంగుళాల నెట్‌బుక్, 1 జీబీ ర్యామ్. పెన్‌డ్రైవ్ నుంచి డెబియన్ 12 ఎక్కింది గాని వైఫై రావడం లేదు. బ్రాడ్‌కామ్ చిప్ అని చూపిస్తోంది.

పాతపెట్టె, కంచరపాలెం:

డెబియన్ 12 నుంచి స్వేచ్ఛేతర ఫర్మ్‌వేర్‌ను (పరికరాల లోపల నడిచే, మూలం బయటపెట్టని ప్రోగ్రాములను) అధికారిక ఐఎస్ఓలోనే ఇస్తున్నారు, అయినా బీ43 తరహా బ్రాడ్‌కామ్ చిప్‌ల ఫర్మ్‌వేర్‌ను పంచే అనుమతి లేనందున అందులో ఉండదు. నెట్‌వర్క్ తీగతో, లేదా ఫోన్‌ను యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి ఇంటర్నెట్ తెచ్చుకుని, బీ43 ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్ ప్యాకేజీ వేయండి. అదే తెచ్చుకుంటుంది. ఎన్270 కూడా 32 బిట్‌దే కనుక పైన చెప్పిన గడువులన్నీ మీకూ వర్తిస్తాయి.

అక్కయ్యపాలెం డీటీపీ:

సెల్ మార్చగానే వెబ్‌సైట్లు, ప్యాకేజీలు అన్నీ దారికి వచ్చాయి. ఇన్‌స్టాల్ కూడా పూర్తయింది. డిస్క్‌లో 2 జీబీ స్వాప్, మిగతాదంతా ఈఎక్స్‌టీ4 అనే లినక్స్ ఫైల్ వ్యవస్థ విభాగం, గ్రబ్ ఎంబీఆర్‌లో. పెన్‌డ్రైవ్ తీసేసి ఆన్ చేస్తే నేరుగా డెస్క్‌టాప్ వస్తోంది. ఇక మిగిలినది తెలుగు. పిల్లలకు ఏ కీబోర్డు నేర్పమంటారు? నాకు డీటీపీలో వాడే ఆపిల్ అమరిక తప్ప ఇంకోటి రాదు.

అచ్చుతప్పు, డాబాగార్డెన్స్:

పిల్లలకు భారతీయ లిపులకు ఉమ్మడి అమరికైన ఇన్‌స్క్రిప్ట్ నేర్పండి. కీబోర్డు అమరికల్లో ఇండియన్, తెలుగు అని చేర్చితే చాలు, దానికి వేరే ప్రోగ్రామ్ నడవనక్కరలేదు కనుక 1 జీబీ పెట్టెకు భారమూ లేదు. అచ్చులు, గుణింతాలు ఎడమచేతికి, హల్లులు ఎక్కువగా కుడిచేతికి వస్తాయి. క ఏ మీట మీద ఉందో హిందీలోనూ కన్నడంలోనూ అదే మీట మీద ఉంటుంది, రేపు ఇంకో లిపి నేర్చుకునేటప్పుడు ఆ వేళ్లే పనికొస్తాయి.

మీ కోసం ఐబస్ అనే టైపింగ్ ప్రోగ్రామ్‌తో పాటు ఎమ్17ఎన్ ప్యాకేజీ వేసుకోండి. అందులో ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, పోతన అమరికలతో పాటు ఆపిల్ కూడా ఉంది. ఒకటి, రెండు సంయుక్తాక్షరాల దగ్గర చేతి అలవాటు మార్చుకోవలసి రావచ్చు. ఫాంట్లకు ఫాంట్స్-తెలు-ఎక్స్‌ట్రా అనే ప్యాకేజీ వేస్తే పోతన, వేమన వస్తాయి. శుభలేఖలు దీని మీదే కూర్చాలనుకుంటే లిబ్రెఆఫీస్ కంటే పేజీలు కూర్చే ప్రోగ్రామ్ స్క్రైబస్ మేలు, కాని తెలుగు వత్తులు సరిగా కూర్చే సామర్థ్యం దానికి 1.5 శాఖ నుంచే వచ్చింది. అంతకు ముందరి కూర్పు కోసం రాసిన పాత సూచనలు చదివి నిరుత్సాహపడకండి.

అక్కయ్యపాలెం డీటీపీ:

ఇన్‌స్క్రిప్ట్ పెట్టాను. పెద్దవాడు అప్పుడే తన పేరు కొట్టేశాడు, చిన్నది పొల్లు ఎక్కడుందో వెతుకుతోంది. షట్‌డౌన్ చేయకుండా స్విచ్ ఆపేయడం మా ఇంట్లో అందరికీ అలవాటు. దానివల్ల ప్రమాదమా?

సింధియా మెకానిక్:

ఈఎక్స్‌టీ4లో జర్నల్ (చేయబోయే మార్పుల పద్దు) ఉంటుంది కనుక ఒకసారి కరెంటు పోయినంత మాత్రాన ఫైల్ వ్యవస్థ కూలిపోదు, తరువాత ఆన్ చేసినప్పుడు తానే సరిచేసుకుంటుంది. సేవ్ చేయని పని మాత్రం పోతుంది. డిస్క్ వయసు దృష్ట్యా పెట్టె ముందున్న పవర్ బటన్‌ను ఒకసారి నొక్కితే షట్‌డౌన్ అయ్యేలా అమర్చుకోండి, ఏసీపీఐడీ ప్యాకేజీతో అది కుదురుతుంది. గోడ స్విచ్ ముట్టుకునే ముందు ఆ బటన్ నొక్కమని పిల్లలకు చెబితే సరిపోతుంది.

నిర్వాహకులు:

డీటీపీ గారి ప్రశ్న పరిష్కారమైనట్టు గుర్తుపెడుతున్నాం. భీమిలి మాస్టారి గదికి సంబంధించిన పీఎక్స్‌ఈ సందేశాలను బడి ప్రయోగశాలలు అనే విభాగంలోకి ప్రత్యేక చర్చగా మారుస్తున్నాం. ప్రిసీడ్ ఫైలు నమూనాలు పంచదలచినవారు అందులోని పాస్‌వర్డ్ వరుసలు తీసేసి అక్కడ పెట్టగలరు.